చప్పుడు పోతే చాలునా?



మీలో చాలామంది ఇంటి ముందు ఒక పాత మోటారు సైకిల్ ఉండే ఉంటుంది. పొద్దున దాని మీద పనికి పోతారు. పిల్లల్ని బడి దగ్గర దింపుతారు. ఆదివారం బుద్ధ వందనకు దాని మీదే వస్తారు. కొన్నాళ్లకు ఇంజన్ పైభాగంలో "టిక్ టిక్ టిక్" మని ఒక చప్పుడు మొదలవుతుంది. అప్పుడు మనం మెకానిక్ దగ్గరికి పోయి అందరం ఒకే మాట అంటాం: "తమ్మీ, ఈ టాపిట్ల సౌండ్ జర తీసెయ్."

ఈసారి ధమ్మం గురించి ఆ చప్పుడు దగ్గరి నుంచే మాట్లాడుకుందాం. మీ ముందు పెట్టే ప్రశ్న ఇది. ఒక మనిషి మనల్ని ఒక పని అడుగుతాడు. అడిగింది అడిగినట్టు చేస్తాం. ఆయన సంతోషంగా పైసలిచ్చి పోతాడు. కానీ ఆ పని వల్లనే కొన్ని నెలలకు ఆయనకు నష్టం జరుగుతుంది. మనం ఒక్క అబద్ధం ఆడలేదు. ఒక్క రూపాయి దొంగిలించలేదు. మరి మనం శీలం తప్పినట్టా, తప్పనట్టా?

ఇది నాకు పుస్తకంలో దొరికిన ప్రశ్న కాదు. నా చేతులతో చేసిన పని తెచ్చిపెట్టిన ప్రశ్న. ఇప్పటి వికారాబాద్ జిల్లా అప్పటికి ఇంకా రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. నవాబుపేటలో రోడ్డు పక్కన ఒక రేకుల డబ్బాలో నేను బండ్లు బాగుచేసేవాణ్ని. ఆ రోజుల సంగతి ఇది.

సందు ఎందుకు ఉండాలి?

ముందు ఆ చప్పుడు ఎక్కడిదో తెలుసుకోవాలి. తెలియకపోతే తర్వాతి మాట అర్థం కాదు.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో గాలి, పెట్రోలు లోపలికి రావడానికి ఒక వాల్వు ఉంటుంది. కాలిన పొగ బయటికి పోవడానికి ఇంకొకటి ఉంటుంది. రాకర్ అనే చిన్న మీట వాల్వును నొక్కి తెరుస్తుంది, స్ప్రింగ్ దాన్ని మళ్లీ మూస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కో వాల్వు ఒకసారి తెరుచుకొని మూసుకుంటుంది. మీరు రోడ్డు మీద పోతున్నప్పుడు ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతోందనుకోండి, ఒక్కో వాల్వు నిమిషానికి 2,000 సార్లు తెరుచుకుంటుందన్నమాట.

వాల్వు మూసుకుని ఉన్నప్పుడు రాకర్‌కూ వాల్వు కొసకూ మధ్య కొద్దిగా సందు ఉండాలి. పాత వంద సీసీ బండ్లలో చాలావాటికి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఈ సందు 0.05 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. తల వెంట్రుక మందం అనుకోండి. మోడల్‌ను బట్టి ఈ అంకె మారుతుంది, కాబట్టి మీ బండి పుస్తకంలో ఉన్నదే మీకు లెక్క.

లోహం వేడికి పెరుగుతుంది. ఇంజన్ కాగినప్పుడు వాల్వు కాడ కొంచెం పొడవవుతుంది. సందు ఉంటే ఆ పెరుగుదల అందులో సర్దుకుంటుంది. సందు లేకపోతే పెరిగిన వాల్వు రాకర్‌కు తగిలి ఆగిపోతుంది, పూర్తిగా మూసుకోదు. పొగ వాల్వు ఎప్పుడూ మంట ఎదురుగా ఉండేది. మూసుకున్నప్పుడు సీటుకు ఆనుకొని తన వేడిని హెడ్‌కు ఇచ్చేస్తుంది, అదే దానికి ఊపిరి. సరిగా మూసుకోకపోతే వేడి పోవడానికి దారి ఉండదు. పైగా ఆ చిన్న సందులోంచి నిప్పులాంటి గాలి దూసుకుపోతుంది. కొన్నాళ్లకు వాల్వు అంచు కాలిపోతుంది.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. సందు ఎక్కువైతే రాకర్ వాల్వును కొడుతుంది, అదే మనకు వినిపించే టిక్ టిక్. అది అరిచి చెప్తుంది. సందు లేకపోతే మాత్రం ఏ చప్పుడూ ఉండదు. ఇంజన్ మెత్తగా, హాయిగా వినిపిస్తుంది. లోపల మాత్రం వాల్వు కాలుతూ ఉంటుంది. అంతేకాదు, పాతబడిన కొద్దీ వాల్వు తన సీటులోకి అరిగి దిగుతుంటే సందు దానంతటదే తగ్గుతుంది. అంటే మనం ఏమీ చేయకపోయినా బండి రోజురోజుకూ నిశ్శబ్దమై, ఒకరోజు చెడిపోవచ్చు.

అరిచే లోపం కంటే అరవని లోపం ప్రమాదం. దీన్ని పట్టుకొని ముందుకు పోదాం.

నేను చేసిన పని

మా వాడలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ని. మాతోపాటే దీక్ష తీసుకున్నవాడు, 22 ప్రతిజ్ఞలు మాతో కలిసి పలికినవాడు. కొంచెం భూమిలో కూరగాయలు పండించి, పాత వంద సీసీ బండికి రెండు పక్కలా సంచులు కట్టుకొని వికారాబాద్ తీసుకుపోయి అమ్మేవాడు. ఆ బండి ఆయన కాళ్లు అనుకోండి.

ఒక పొద్దున వికారాబాద్ నుంచి తిరిగొస్తూ నా డబ్బా ముందు ఆపాడు.

"బిడ్డా, ఇది బాగ లొల్లి చేస్తున్నది. జల్ది సౌండ్ తీసెయ్. ఇంటికాడ పని ఉన్నది."

ఇంజన్ కాలుతోంది. టాపిట్లు చల్లటి ఇంజన్ మీదే చూడాలి. అది నాకు తెలుసు. రాత్రంతా నిలిపిన బండి అయితే మంచిది. చేతిలో ఫీలర్ గేజ్ ఉంది, దాన్ని తీయలేదు. మూతలు రెండూ విప్పి, లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పుకుంటూ చెవి పెట్టి విన్నాను. చప్పుడు పూర్తిగా పోయే దాకా బిగించాను. కిక్ కొడితే బండి కొత్తదానిలా పలికింది. కాకా నవ్వాడు. "నీ చెయ్యి మంచిది బిడ్డా" అన్నాడు. యాభై రూపాయలు ఇచ్చాడు. తీసుకున్నాను.

కొన్ని నెలలు గడిచాయి. బండి వేడెక్కితే స్టార్ట్ కావడం లేదన్నాడు. సంచులతో ఎత్తు ఎక్కడం లేదన్నాడు. తర్వాత ఒకరోజు తోసుకుంటూ వచ్చాడు. హెడ్ విప్పాను. పొగ వాల్వు అంచు ఒక పక్క ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. చూడగానే నాకు అర్థమైంది. అది నా స్క్రూడ్రైవర్ చేసిన పని.

కాకా పక్కనే కూర్చున్నాడు. "ఎందుకైంది బిడ్డా?" అని అడిగాడు.

"పాతదైంది కదా కాకా" అన్నాను.

ఇది అబద్ధమా? కాదు. బండి నిజంగానే పాతది. కానీ వాల్వు కాలడానికి కారణం అది కాదు. నేను నిజం మాట ఒకటి చెప్పి, దాని వెనక అసలు నిజాన్ని దాచాను. వాల్వుకు, సీటుకు, గ్యాస్కెట్‌కు పైసలు తీసుకున్నాను. కాకా వాటిని మిత్తికి తెచ్చాడు. బండి లేని ఆ రోజుల్లో కూరగాయలు చెలకలోనే ముదిరిపోయాయి.

పైసలిస్తూ ఆయన అన్న మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. "ఎవర్ని ఏమంటం బిడ్డా. నా తలరాతనే గట్లున్నది."

రెండు మూడు రోజుల తర్వాత ఆ బండి నా డబ్బా ముందు నుంచి పోతుంటే చూశాను. హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

కారణం దాచితే ఏం మొలుస్తుంది?

మిత్రులారా, ఆ నిమ్మకాయను చూసినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. దీక్ష తీసుకున్న మనిషి దిష్టికి నిమ్మకాయ కడతాడా అని. ఆదివారం నలుగురిలో అడగాలనుకున్నాను. రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఆ నిమ్మకాయ కట్టింది ఎవరు? కాకా చేతులు కట్టాయి. కట్టించింది నేను.

ఆయన కారణం అడిగాడు. "ఎందుకైంది?" అన్న మాట బుద్ధుని మార్గంలో నడిచే మనిషి అడగాల్సిన మొదటి మాట. తథాగతుడు చెప్పిన పటిచ్చసముప్పాదం, అంటే కార్యకారణ సంబంధం, ఆ ప్రశ్న మీదే నిలబడింది. ఏదీ ఊరికే జరగదు, ఏ దేవుడూ నుదుటి మీద రాయడు, ప్రతిదానికీ కారణం ఉంది, కారణం పోతే ఫలితం పోతుంది. కాకా ఆ ప్రశ్న సరిగ్గానే అడిగాడు. జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన పక్కన కూర్చొని దాన్ని దాచాడు. జవాబు దొరకని చోట ఆయన తలరాతను పెట్టుకున్నాడు. ఖాళీ చోటును మనసు ఊరికే ఉంచదు కదా.

తలరాత అనే మాట ఎట్లా పుడుతుందో నాకు అప్పుడు తెలిసింది. కారణం తెలిసినవాడు నోరు మూసుకుంటే, తెలియనివాడి నోట తలరాత పుడుతుంది.

మన తాత ముత్తాతలతో జరిగింది కూడా ఇదే. మాకు భూమి ఎందుకు లేదు, మా పిల్లలకు చదువు ఎందుకు లేదు, ఊరి బావి దగ్గరికి మేం ఎందుకు రాకూడదు అని వాళ్లు అడిగితే, పోయిన జన్మ పాపం అని చెప్పారు. బడి తలుపు మూసినవాళ్లకు కారణం తెలుసు. భూమి పట్టా ఎవరి పేరున ఉందో రాసుకున్నవాళ్లకు కారణం తెలుసు. తెలిసి దాచారు. ఆ దాచివేత మీదనే కర్మ సిద్ధాంతం బతికింది. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి ఆ గుహలోంచి బయటికి నడిచాడు. మనం ఆయన వెనక నడిచినవాళ్లం. అట్లాంటి నేను, ఒక చిన్న వాల్వు విషయంలో, నా సొంత మనిషికి అదే పని చేశాను.

22 ప్రతిజ్ఞల్లో దొంగతనం చేయనని ఒకటి ఉంది, అబద్ధం ఆడనని ఒకటి ఉంది. నేను రెండింటినీ అక్షరాల్లో కాపాడుకున్నాను. అర్థంలో రెండూ పోగొట్టుకున్నాను. నా తప్పుకు నేను కట్టాల్సిన పైసలు ఆయన దగ్గర తీసుకోవడం దొంగతనమే. నిజమైన మాటతో నిజాన్ని కప్పడం అబద్ధమే. కాబట్టి మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది: శీలం తప్పాను. బిగించిన రోజు సగం తప్పాను, "పాతదైంది" అన్న రోజు పూర్తిగా తప్పాను.

"మరి మెకానిక్ ఏం చేయాలి?"

మీలో ఒకరు ఇట్లా అడగొచ్చు. "గిరాకీ తొందరలో ఉన్నాడు. బండి పెట్టి పో, పొద్దున చల్లారినాక చూస్తా అంటే పక్క డబ్బాకు పోతాడు. మెకానిక్‌కూ పెండ్లాం పిల్లలు ఉన్నారు. ధమ్మం చెప్పుకుంటూ కూర్చుంటే పొయ్యి వెలుగుతుందా?"

ఇది ఊరికే తీసిపారేసే మాట కాదు. సమ్యక్ ఆజీవం పేదవాడికి ఎక్కువ ఖర్చుతో వస్తుంది. అయినా ఒక తేడా చూడండి. సరైన పని చేయడానికి సమయం కావాలి, పైసలు కావాలి, కొన్నిసార్లు అవి మన చేతిలో ఉండవు. సరైన మాట చెప్పడానికి అవేవీ అక్కర్లేదు. "కాకా, ఇప్పుడు బిగిస్తే సౌండ్ పోతది, కానీ వాల్వు కాలొచ్చు. ఈ టిక్ టిక్‌తో ఇంకో వారం తిరిగినా ఏం కాదు. వీలైనప్పుడు రాత్రికి బండి పెట్టిపో." ఇంత చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టదు. అప్పుడు ఆయన ఒప్పుకుంటాడా, పక్క డబ్బాకు పోతాడా అన్నది ఆయన ఇష్టం. కానీ ఆయన తెలిసి ఎంచుకుంటాడు. నేను ఆయన దగ్గర ఆ ఎంపికనే లాక్కున్నాను.

మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమార సుత్తం ఉంది. ఎదుటివాడికి నచ్చని మాట తథాగతుడు మాట్లాడతాడా అని అభయుడు అడుగుతాడు. ఆ సమయంలో అతని ఒడిలో ఒక పసివాడు ఉంటాడు. ఈ పిల్లవాడు పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు తిరిగి అడుగుతాడు. రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీస్తాను, వాడి మీద నాకు కరుణ ఉంది కదా అంటాడు అభయుడు. చూడండి, అక్కడ పిల్లవాడు ఏడుస్తాడు, చప్పుడు అవుతుంది. చప్పుడు కావద్దని ఊరుకుంటే ఆ రాయి గొంతులో పడుతుంది. నిజమైనది, మేలు చేసేది అయితే, నచ్చకపోయినా సమయం చూసి చెప్పాలన్నదే ఆ సుత్తం సారం.

అయితే దీనికి ఇంకో అంచు ఉంది. కొందరు గిరాకీని భయపెట్టి, "వాల్వు పోయింది, బోరు పోయింది" అని లేని పని పుట్టిస్తారు. అది కూడా తప్పే. వీణ తీగలు మరీ బిగిస్తే పలకవు, మరీ వదిలేస్తే పలకవని బుద్ధుడు సోణునికి చెప్పిన ఉపమానం మీకు తెలిసిందే. దాన్ని మనం తరచుగా తప్పుగా వాడుకుంటాం. మధ్యేమార్గం అంటే సగం నిజం, సగం మౌనం అనుకుంటాం. తీగకు సరైన బిగువు ఒకటి ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి. వాల్వుకు 0.05 ఎట్లనో, మాటకు కూడా ఒక కొలత ఉంది. ఎంత జరిగిందో అంత చెప్పడమే ఆ కొలత.

నిమ్మకాయ సంగతి

నాకు ధైర్యం రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఒక సాయంత్రం కాకా ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. చాయ్ తాగకుండానే చెప్పాను. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు బిగించానని, గేజ్ పెట్టలేదని, వాల్వు అందుకే కాలిందని, అడిగితే దాచానని చెప్పాను. తీసుకున్న పైసలు తెచ్చి ముందు పెట్టాను.

కాకా చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బండి వైపు చూసి అన్నాడు.

"మరి ఆ నిమ్మకాయలు తీసెయ్యాల్నా?"

ఇద్దరికీ నవ్వు వచ్చింది, నాకు కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆయన నన్ను తిట్టలేదని కాదు. తర్వాత బాగానే తిట్టాడు. మిత్తి ఎంత కట్టాడో లెక్కతో సహా చెప్పాడు, అది కూడా నేను కట్టాను. చివరికి అన్న మాట ఇది: "పైసల సంగతి అయిపోయింది. ఆ సందు ఎట్ల చూస్తరో నాకు నేర్పు. ఇంకోసారి ఎవడు చెప్పినా నేను నమ్మొద్దు."

నేను దాచిన కారణాన్ని ఆయన చేతికి ఇవ్వమన్నాడు. ఎవరో చెప్పారని నమ్మకుండా స్వయంగా పరీక్షించి చూడమని కాలాములకు బుద్ధుడు చెప్పాడని మనం ప్రతి సభలో చెప్పుకుంటాం. కాకా దాన్ని పాన, గేజ్ పట్టుకొని చేస్తానన్నాడు.

కొలిచి చూడండి

ఆ వచ్చే ఆదివారం వందన అయినాక, రాత్రంతా నిలిపి ఉంచిన ఆ బండినే నలుగురి మధ్య పెట్టి చూపించాను. మీరూ నేర్చుకోండి. మీరు స్వయంగా చేయకపోయినా, చేసేవాణ్ని అడగడానికి పనికొస్తుంది.

మొదట ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. స్పార్క్ ప్లగ్ విప్పితే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. హెడ్ మీద టాపిట్ మూతలు రెండూ, మాగ్నెట్ పక్క కవర్‌కు ఉండే చిన్న మూతలూ విప్పాలి. పాన పెట్టి క్రాంక్‌ను ఇంజన్ తిరిగే దిక్కులో నెమ్మదిగా తిప్పితే, మాగ్నెట్ చక్రం మీద "టి" గుర్తు కవర్ గీతకు ఎదురుగా వస్తుంది. పిస్టన్ పైకొచ్చిందని దానర్థం.

కానీ ఆ గుర్తు ఒక్కటే చాలదు. పిస్టన్ రెండు సందర్భాల్లో పైకి వస్తుంది. పొగ వదిలే స్ట్రోకు చివర వచ్చినప్పుడు వాల్వులు నొక్కి ఉంటాయి, అప్పుడు కొలత తప్పు చెప్తుంది. కంప్రెషన్ చివర వచ్చినప్పుడు రెండూ మూసి ఉంటాయి. రాకర్లను వేలితో కదిపి చూడండి. రెండూ కొంచెం కదిలితే సరైన చోట ఉన్నట్టు. బిగుసుకొని ఉంటే క్రాంక్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. గుర్తు సరిగానే కనిపించినా సమయం తప్పు కావచ్చు. మాట విషయంలోనూ ఇది నిజమే.

ఇప్పుడు ఫీలర్ గేజ్‌లో సరైన మందం ఉన్న రేకును రాకర్ స్క్రూకూ వాల్వు కొసకూ మధ్య దూర్చండి. అది కొంచెం పట్టుకుంటూ జారాలి. దూరకపోతే బిగువు. పట్టు లేకుండా ఊగితే వదులు. సరిచేయాలంటే లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకొని నట్టు బిగించాలి. బిగించాక మళ్లీ కొలవాలి. ఎందుకంటే నట్టు బిగించేటప్పుడే సందు మారిపోతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి తప్పు చేస్తారు.

బండికో లెక్క ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. పాత ఇనుప సిలిండర్ బుల్లెట్‌లో రేకు పెట్టి కొలవరు. పక్కనున్న మూత విప్పి, పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పి చూస్తారు. అది తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఊగకూడదు. ఒకరి అంకె ఇంకొకరికి పెట్టొద్దు.

ఆరోజు కాకా బండిలో నేను కొత్త వాల్వు వేసి సరిగా పెట్టిన సందు బాగానే ఉంది. రేకు ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని జార్చి చూశాడు. స్టార్ట్ చేస్తే సన్నగా టిక్ టిక్ వినిపించింది. "ఇది ఉండాల్నా?" అని అడిగాడు. "ఈ మాత్రం ఉండాలె కాకా" అన్నాను. "అయితే ఉండనీ" అన్నాడు.

చప్పుడు లేని చోట్లు

ఇప్పుడు మీ చుట్టూ చూడండి. "మా ఊళ్లో ఏ గొడవలూ లేవు, అందరం కలిసిమెలిసి ఉంటాం" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట అనేది ఎవరు? వాడలో వాళ్లు అంటున్నారా, ఊళ్లో వాళ్లు అంటున్నారా? గొడవ లేకపోవడం వేరు, సమత ఉండడం వేరు. మన వాళ్లు అడగడం మానేస్తే కూడా ఊరు నిశ్శబ్దంగానే ఉంటుంది. చెవితో వింటే రెండూ ఒకే తీరు వినిపిస్తాయి. కొలిస్తేనే తేడా తెలుస్తుంది. బావి దగ్గర, హోటల్ గ్లాసు దగ్గర, కూలి రేటు దగ్గర, పెండ్లి బరాత్ పోయే దారి దగ్గర రేకు పెట్టి చూడాలి.

మన ఇంట్లో, మన సంఘంలో కూడా చూడండి. ఇంట్లో ఆడవాళ్లు ఎదురు మాట్లాడరని గర్వంగా చెప్పే ఉపాసకులు ఉన్నారు. కమిటీ మీటింగుల్లో లెక్కలు ఎవరూ అడగరు, మా సంఘం చాలా ఐక్యంగా ఉంటుంది అనేవాళ్లూ ఉన్నారు. అది ఐక్యతనా, బిగించిన స్క్రూనా? మాట్లాడడానికి వెంట్రుకంత సందు కూడా లేని చోట ఎవరో ఒకరు లోపల కాలుతూనే ఉంటారు.

చివరి మాట

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పుడు, పెట్రోలు పోసి మూత పెట్టి ఇక మరచిపోవచ్చు అన్న అర్థంలో ఒక ప్రకటన ఊరూరా వినిపించింది. బండ్లు అంత గట్టివే. కానీ ఎంత గట్టి ఇంజన్‌కైనా అప్పుడప్పుడు మూత విప్పి సందు చూడాల్సిందే. తథాగతుడు వెళ్లిపోయే ముందు మనకు చివరగా చెప్పింది అప్పమాదం గురించే. ఏమరుపాటు లేకుండా ఉండడం గురించే. దీక్ష కూడా అంతే. ఒకసారి తీసుకొని మరచిపోయేది కాదు.

అద్దం దేనికి అని బుద్ధుడు రాహులుణ్ని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అట్లాగే ప్రతి పనినీ చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత చూసుకోమని బోధించాడు. చేసిన తర్వాత అది ఎవరికైనా హాని చేసిందని తెలిస్తే, దాచకుండా తెలిసినవాళ్ల ముందు ఒప్పుకోమన్నాడు. బిగించాక మళ్లీ కొలవమనడం కూడా అదే కదా.

మీరు టైలర్ కావచ్చు, టీచర్ కావచ్చు, మేస్త్రీ కావచ్చు, ఆఫీసులో గుమాస్తా కావచ్చు. మీ పనిలో కూడా ఎదుటివాడికి కనిపించని ఒక మూత ఉంటుంది. దాని కింద ఏముందో మీకు మాత్రమే తెలుసు. ఎవరైనా వచ్చి "ఎందుకైంది?" అని అడిగినప్పుడు వాళ్లకు కారణం ఇవ్వండి. మీ తప్పే కారణమైతే అది కూడా ఇవ్వండి. వాళ్ల చేతిలో కారణం ఉంటే నిమ్మకాయతో పని ఉండదు.

ఎక్కడైనా ఒకరికి ఇట్లాంటి జవాబు మీరు బాకీ ఉన్నారేమో, ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసుకోండి. ఉంటే రేపే పోయి చెప్పండి. చాయ్ తాగే ముందే చెప్పండి, తర్వాత ధైర్యం చాలదు.

నమో బుద్ధాయ. జై భీమ్.